నేల మీద ఉండగానే

ఫోను చేతిలోకి తీసుకోండి. మ్యాపు తెరిచి, వెతికే గడిలో 14.45, 78.33 అని కొట్టండి.

గుర్తు ఎక్కడ పడిందో చూడండి. పులివెందులకు తూర్పున, ఊరికి పది పదకొండు కిలోమీటర్ల దూరంలో పడి ఉంటుంది. ఆ అంకెలు నాకెక్కడివో ఇప్పుడు చెబుతాను. అవి ప్రొద్దుటూరువి. ప్రొద్దుటూరు అక్షాంశం 14 డిగ్రీల 45 నిమిషాలు, రేఖాంశం 78 డిగ్రీల 33 నిమిషాలు. నేను ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. వరస కూడా మార్చలేదు. అయినా ప్రొద్దుటూరుకు బయల్దేరినవాడు నలభై కిలోమీటర్లు నైరుతికి పోయి పులివెందుల పొలిమేరలో తేలాడు. ఎందుకంటే నేను చెప్పింది నిమిషాలు, ఫోను అర్థం చేసుకున్నది డిగ్రీలో వందో వంతులు. డిగ్రీకి అరవై నిమిషాలు. నలభై అయిదు నిమిషాలంటే ముప్పాతిక డిగ్రీ. కొట్టాల్సింది 14.75, 78.55.

రోడ్డు మీద ఇలాంటి తప్పు జరిగితే ముద్దనూరులోనో ఎర్రగుంట్లలోనో బండి ఆపి టీ కొట్టు దగ్గర అడిగితే సరిపోతుంది. మూడు వేల అడుగుల ఎత్తులో ఆపడానికి వీల్లేదు, అడగడానికి మనిషి ఉండడు. పెట్రోలు మాత్రం అయిపోతూనే ఉంటుంది.

ఈ అధ్యాయం విమానంలోని జీపీఎస్ పెట్టెను మనకు తగినట్టు సిద్ధం చేసుకోవడం గురించి. కడప జిల్లా నుంచి పైలట్ కోర్సుకు వెళ్ళాలనుకునే పిల్లల్ని ముందుంచుకుని రాస్తున్నాను. ఆ చదువుకు ఇంట్లోవాళ్ళు చేను మీద అప్పు తెస్తారు, నగలు కుదువ పెడతారు. విమానంలో గడిపే ప్రతి గంటకూ వెల ఉంది. ఆ గంటల్ని మెనూల్లో వెతుకులాటకు ఖర్చు చేయకూడదు. విమానం ఎక్కే ఆలోచన లేనివాళ్ళు కూడా చదవండి. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే: సెట్టింగు అంటే స్థిమితంగా ఉన్నప్పటి మీరు, బెదిరిపోయి ఉన్నప్పటి మీకు చేసి పెట్టే సాయం. రెండోసారి ఆ పెట్టె ముందు ఉండే మనిషికి తీరిక ఉండదు, చేతులు వణుకుతుంటాయి, చెవిలో రేడియో మోగుతుంటుంది. ఆ మనిషి మీద దయ ఉంచి పని చేయాలి.

నేను ఉదాహరణగా తీసుకుంటున్నది జీఎన్ఎస్ 430 అనే పెట్టె. గార్మిన్ సంస్థ దాన్ని 1998లో తెచ్చింది. శిక్షణ విమానాల్లో ఇప్పటికీ కనబడుతుంది. ఆ తర్వాత తాకే తెరలు వచ్చాయి, పెద్ద తెరల జీ1000 వచ్చింది. కానీ పాత పెట్టె మీద చేయి తిరిగినవాడికి కొత్తది రెండు రోజుల పని. కుడివైపు ఒకదాని మీద ఒకటిగా రెండు నాబ్‌లు ఉంటాయి. పెద్దది తిప్పితే పేజీల గుంపు మారుతుంది, చిన్నది తిప్పితే ఆ గుంపులో పేజీ మారుతుంది. చిన్నదాన్ని లోపలికి నొక్కితే కర్సర్ వెలుగుతుంది, అప్పుడు విలువలు మార్చవచ్చు. ఎక్కడున్నామో తెలియకుండా చిక్కుకుపోతే క్లియర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. మొదటి పేజీకి తెచ్చి వదులుతుంది. ఈ చివరి వాక్యాన్ని మాత్రం బట్టీ పట్టండి.

కరెంటు ఇవ్వగానే పెట్టె తనను తాను పరీక్షించుకుంటుంది. తర్వాత తన లోపలి సమాచారం ఏ తేదీ వరకు చెల్లుతుందో తెరమీద చూపించి మీ ఒప్పుదల కోసం ఆగుతుంది. విమానాశ్రయాలు, దారులు, రేడియో ఫ్రీక్వెన్సీలు ప్రపంచమంతటా 28 రోజులకొకసారి సవరిస్తారు. మీ పెట్టెలో ఉన్నది ఈ విడతదా, గడువు దాటిందా అన్నదే అక్కడి ప్రశ్న. ఎంటర్ నొక్కితే చూశాను, ఒప్పుకున్నాను అని సంతకం పెట్టినట్టు.

నా దగ్గర నేర్చుకునే ఒక కుర్రాణ్ణి ఇక్కడే ఆపాను. జమ్మలమడుగు పిల్లోడు, చురుకైనవాడు.

"ఇప్పుడేం నొక్కినావు నాయనా?"

"ఎంటర్ సార్. ఏదో అడిగింది, కొట్టినా."

"ఏమడిగింది?"

వాడు తెర వైపు చూశాడు. ఆ పేజీ అప్పటికే వెళ్ళిపోయింది. "చూల్లేదు సార్" అన్నాడు, తల దించుకుని.

వాణ్ణి తప్పుపట్టలేను. మనందరి బొటనవేలికీ ఆ అలవాటు ఉంది. ఫోనులో అనుమతి అడిగే ప్రతి గడికీ చదవకుండానే సరే అంటాం. బ్యాంకులో ఇరవై పేజీల కాగితాల మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేస్తాం. ఈ అలవాటుతో కాక్‌పిట్‌లోకి వచ్చిన వేలిని మార్చడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే ఉంది. తెర మీద ఉన్నది పైకి చదివాకే నొక్కాలి. మనసులో చదవడం చాలదు, గొంతు వినబడాలి. పక్కన ఎవరూ లేకపోయినా సరే. ఆ కుర్రాడికి నెల పట్టింది. ఆ తర్వాత ఇంట్లో గ్యాసు స్టవ్ నాబ్ తిప్పేటప్పుడు కూడా పైకి చెబుతున్నాడని వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకు ఎంత సంతోషమైందో!

తర్వాత గుర్తుంచుకోవాల్సింది, ఆ పెట్టె మీ సొంతం కాదు. శిక్షణ విమానాన్ని రోజుకు నలుగురైదుగురు నడుపుతారు. మీ ముందు కూర్చున్నవాడు దేన్ని ఎలా మార్చాడో అదంతా లోపల అలాగే ఉంటుంది. వాడు కిలోమీటర్లకు మార్చుకుని ఉండవచ్చు, కొండల హెచ్చరిక చీటికిమాటికి మోగుతోందని ఆపేసి ఉండవచ్చు. అందుకే సెటప్ పేజీల్లో మెనూ నొక్కితే, అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే వీలు పెట్టారు. నేనైతే అద్దె విమానంలో ముందు ఆ పని చేసి, తర్వాత నాకు కావలసినవి ఒక్కొక్కటే పెట్టుకుంటాను. అయిదు నిమిషాలు పడుతుంది. అద్దె ఇంట్లో దిగేటప్పుడు ముందు కడిగి, తర్వాత సామాను సర్దుకోమా?

ఇక కొలతలు. ప్రొద్దుటూరు వాళ్ళకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బంగారం అంగట్లో తులం అంటే పది గ్రాములని బేరం నడుస్తుంది. పాత తూకంలో తులం 11.66 గ్రాములు. మాట ఒకటే, రెంటి మధ్య గ్రామున్నర పైచిలుకు తేడా. అవ్వ కాలం నాటి గొలుసు తూకం వేయించేటప్పుడు ఏ తులమో అడగకుండా ఒప్పుకున్నవాడు ఎంత నష్టపోతాడో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆకాశంలో దూరం నాటికల్ మైళ్ళలో, వేగం నాట్లలో, ఎత్తు అడుగుల్లో. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. తెర మీద ఇంకా వంద అని కనబడితే అది వంద కిలోమీటర్లా, 185 కిలోమీటర్లా? మీ ట్యాంకులో ఉన్న పెట్రోలు దేనికి సరిపోతుంది?

గాలి పీడనం దగ్గర ఇంకొక మాట. మన దేశంలో హెక్టోపాస్కళ్ళలో చెబుతారు, అమెరికాలో పాదరసం అంగుళాల్లో. అక్కడ చదువుకుని వచ్చిన పిల్లలకు 29.92 అనే సంఖ్య నోటికి అలవాటై ఉంటుంది. తుపాను రోజున కంట్రోలర్ 992 అంటే, ఆ తొమ్మిదీ తొమ్మిదీ రెండూ విని చేయి 29.92 పెట్టేస్తుంది. నిజానికి 992 హెక్టోపాస్కళ్ళంటే 29.29 అంగుళాలు. అప్పుడు ఎత్తు చూపే ముల్లు సుమారు 600 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. మీరు ఉన్నామనుకున్న ఎత్తుకు 600 అడుగుల కింద ఉంటారు.

స్థానం రాసే పద్ధతి గురించి మొదట్లోనే చెప్పాను, కానీ దానికి ఇంకో మెలిక ఉంది. విమానాల పెట్టెలు ఎక్కువగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అనే పద్ధతి వాడతాయి. పటాల మీద, ప్రభుత్వ కాగితాల మీద డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. 45 నిమిషాల 50 సెకన్లను 45.50 అని కొడితే యంత్రం దాన్ని నలభై అయిదున్నర నిమిషాలు, అంటే 30 సెకన్లు అనుకుంటుంది. తేడా ఆరు వందల మీటర్ల పైనే. గండికోట పక్కన పెన్నా లోయ అంచుకు అటా ఇటా అని తేల్చడానికి ఆరు వందల మీటర్లు చాలు.

అనుభవం ఉన్నవాళ్ళకు ఇలాంటివి జరగవని అనుకోకండి. 2015 మార్చి 10న సిడ్నీ నుంచి కౌలాలంపూర్ వెళ్ళాల్సిన ఎయిర్‌ఏషియా ఎక్స్ విమానం విషయం చూడండి. గేటు దగ్గర నిలబడి ఉండగానే కెప్టెన్ తాము ఉన్న స్థానాన్ని చేత్తో ఎక్కించాడు. రేఖాంశం 151 డిగ్రీల 9.8 నిమిషాలు కావాలి. పడింది 15 డిగ్రీల 19.8 నిమిషాలు. విమానం తాను ఆఫ్రికా దగ్గర ఉన్నానని నమ్మింది. పదకొండు వేల కిలోమీటర్ల పైన తేడా! ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ విచారణలో తేలిన అసలు సంగతి ఏమిటంటే, ఎగిరేలోపు ఆ తప్పు బయటపడే అవకాశాలు ఒకటికి నాలుగు వచ్చాయి. హెచ్చరికలు కనబడ్డాయి, శబ్దాలు వినబడ్డాయి. ఒక్కటీ ఆపలేకపోయింది. పైకి లేచాక విమానం తప్పు దిక్కుకు తిరగబోయింది. గాల్లో సరిచేయబోతే ఇంకొన్ని వ్యవస్థలు చేజారాయి. సిడ్నీలో వాతావరణం దిగడానికి అనుకూలంగా లేక, చివరికి మెల్‌బోర్న్‌లో కంటిచూపుతో దించారు. ఎవరికీ ఏమీ కాలేదు. గేటు దగ్గర పది సెకన్లలో దిద్దుకునే తప్పు, గాల్లోకి వెళ్ళాక నిపుణులైన ఇద్దరికి లొంగలేదు.

దిక్కుల విషయం త్వరగా చెప్పేస్తాను. దిక్సూచి చూపే ఉత్తరం, భూమి అసలు ఉత్తరం ఒకటి కావు. మన సీమలో తేడా ఒకటి రెండు డిగ్రీలే గనక ఇక్కడ ఎవరికీ పట్టదు. న్యూజిలాండులో అది ఇరవై డిగ్రీలు దాటుతుంది. కోర్సుకు బయటి దేశం వెళ్ళే పిల్లలు ఈ తేడా లెక్క గడిని ఆటో మీద ఉంచుకోవాలి. సమయం యూటీసీలో ఉంచండి. మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేస్తే వచ్చేదే అది. వారం రోజుల్లో అలవాటవుతుంది.

ఇప్పుడు సూది. దారికి ఎంత పక్కకు జరిగామో చూపే సూదికి ఒక స్కేలు ఉంటుంది. సూది ఆ చివరికి తగలాలంటే విమానం ఎన్ని మైళ్ళు పక్కకు పోవాలి అన్నదే ఆ స్కేలు. పాత పెట్టెల్లో అయిదు మైళ్ళు, ఒక మైలు, 0.3 మైలు అని మూడు స్కేళ్ళు ఉంటాయి. దీన్ని ఆటో మీద పెట్టాలి. అప్పుడు దూర ప్రయాణంలో వెడల్పుగా ఉండి, దిగాల్సిన విమానాశ్రయం ముప్పై మైళ్ళ దరిదాపుల్లోకి రాగానే ఒక మైలుకు బిగుస్తుంది. దిగే దారిలోకి వచ్చాక 0.3కు.

దీన్ని మన నేల మీద చూద్దాం. కడప విమానాశ్రయం నుంచి జమ్మలమడుగు నేరుగా ముప్పై నాటికల్ మైళ్ళు, పులివెందుల ముప్పై రెండు. కడపలో దిగబోయే పైలట్‌కు ఈ రెండు ఊళ్ళూ గడప లాంటివన్నమాట. అవి దాటుతుండగా సూది ఉన్నట్టుండి చురుకవుతుంది. అంతవరకు మధ్యలో నిలబడి ఉన్నట్టు కనిపించినది పక్కకు జరుగుతుంది. విమానం కదల్లేదు, కొలబద్ద మారింది. సంగతి తెలియనివాడు కంగారుపడి విమానాన్ని ఒక్కసారిగా తిప్పుతాడు. తెలిసినవాడు సన్నగా సర్దుకుంటాడు. ఎవరో స్కేలును అయిదు మైళ్ళ మీద కట్టేసి పోయారనుకోండి, అప్పుడు ప్రొద్దుటూరు మీదికి వచ్చేదాకా మైలు పక్కనే ఎగురుతున్నా సూది దాదాపు నడిమధ్యనే ఉండి భరోసా ఇస్తుంటుంది. ఆ తప్పుడు భరోసాకే నేను ఎక్కువ భయపడతాను.

ఆ సూది ఎవరి మాట వింటోందో కూడా చూడాలి. ఒక బటన్‌తో అది ఉపగ్రహాల మాట వింటుంది, అదే బటన్ మళ్ళీ నొక్కితే నేల మీది రేడియో కేంద్రం మాట వింటుంది. సూది రూపం మారదు, అర్థం మారుతుంది. తెర మీద చిన్న అక్షరాల్లో మాత్రమే ఆ తేడా ఉంటుంది. 1992 జనవరి 20న ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ విమానం కొండను ఢీకొని 87 మంది పోయారు. దిగే వాలు 3.3 డిగ్రీలు అనుకుని పెట్టిన అంకెను యంత్రం నిమిషానికి 3,300 అడుగుల చొప్పున దిగమన్నట్టు తీసుకుని ఉండవచ్చన్నది విచారణలో గట్టిగా పరిశీలనకు వచ్చిన కారణం. ఒకే నాబ్, రెండు అర్థాలు. అప్పుడు ఏ అర్థంలో ఉందో చెప్పే గుర్తు చిన్నది.

అన్నిటికంటే నాకు ప్రాణమైన సెట్టింగు ఇంకొకటి ఉంది. దాని గురించి తరగతిలో ఎవరూ అడగరు. దగ్గర్లోని విమానాశ్రయాల జాబితాలో ఎలాంటివి చూపాలి అన్నది. రన్‌వే కనీసం ఎంత పొడవుండాలి, నేల గట్టిదా, మట్టిదైనా ఫర్వాలేదా అని రెండు గడులుంటాయి. ఇంజిను ఆగినప్పుడో, లోపల పొగ వచ్చినప్పుడో మనం నొక్కే బటన్ ఇది. ఆ క్షణాన జాబితాలో పైన ఉన్న పేరు వైపే ఎవరైనా తిరుగుతారు. పొడవు మరీ ఎక్కువ పెట్టి ఉంటే, కిందే ఉన్న చిన్న స్ట్రిప్పు జాబితాకే ఎక్కదు. మరీ తక్కువ పెట్టి ఉంటే, మీ విమానానికి చాలని చోటు మొదట కనబడుతుంది. ఎంత పొడవు చాలునో విమానం పుస్తకంలో ఉంటుంది. నేల మీద, చల్లగా కూర్చుని, టీ తాగుతూ ఆ లెక్క చూసుకుని ఆ గడి నింపాలి. పొగలో కూర్చున్నవాడు పుస్తకం తెరవలేడు.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు పులివెందుల వైపు చీనీ, అరటి తోటల రైతులు గుర్తొస్తారు. కరెంటు ఎప్పుడొస్తుందో నమ్మకం లేని రోజుల్లో బోరుకు ఆటో స్టార్టరు పెట్టుకుని, డ్రిప్పులో ఏ వాల్వు తెరిచి ఉండాలో పగలే తిప్పి పెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. అర్ధరాత్రి కరెంటు వచ్చి మోటారు ఆడితే నీళ్ళు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయేవి. నిద్రమత్తులో, టార్చి వెలుగులో, పాములు తిరిగే గట్టు మీద నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం లేకుండా పగలే తీసుకున్నారు. ఇప్పుడు అదే తోటల్లో మందు కొట్టే డ్రోన్లు ఎగురుతున్నాయి. వాటికీ ఒక సెట్టింగు ఉంది. సిగ్నల్ తెగితే ఎంత ఎత్తుకు లేచి వెనక్కి రావాలి అన్నది. గట్టు మీది కొబ్బరిచెట్టు కంటే, పైన పోయే కరెంటు తీగ కంటే ఆ ఎత్తు ఎక్కువ ఉండాలి. సిగ్నల్ తెగాక ఆ అంకె మార్చడానికి దారి లేదు.

కొండల హెచ్చరికను ఎప్పుడూ ఆపి ఉంచకండి. కడప జిల్లా పటం చూస్తే పెన్నా పరీవాహకమంతా పళ్ళెంలా కనబడుతుంది. అంచుల్లో వాయవ్యాన ఎర్రమల, తూర్పున నల్లమల, వెలిగొండ, దక్షిణాన పాలకొండలు, శేషాచలం. ఆ పళ్ళెంలోంచి ఎటు పోయినా అంచు దాటాలి. వానాకాలం మబ్బు ఆ అంచుల మీదే కూర్చుంటుంది.

ఉపగ్రహాల విషయంలో మీరు మార్చాల్సింది పెద్దగా ఉండదు. పెట్టెలో గగన్ ఎంచుకునే వీలుంటే మన దేశంలో దాన్ని ఎంచుకోండి. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన వ్యవస్థ అది. మామూలు జీపీఎస్ లెక్కలోని తప్పులను నేల మీది కేంద్రాలు కొలిచి, సవరణలను ఉపగ్రహం ద్వారా విమానానికి పంపుతాయి. 2015 ఏప్రిల్‌లో దిగేటప్పుడు వాడుకునేందుకు అనుమతి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతో దిగింది. మన ఇంజనీర్లు చేసిన పని అని ఆ గడి తిప్పేటప్పుడల్లా నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఇంత ఉన్నా ఉపగ్రహ సంకేతాన్ని అడ్డుకునేవాళ్ళూ, దొంగ సంకేతం పంపేవాళ్ళూ ప్రపంచంలో తయారయ్యారు. 2023 నవంబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దీనిపై విమాన సంస్థలకు సూచనలు కూడా ఇచ్చింది. కిటికీలోంచి పెన్నా ఎటుందో చూసే అలవాటు అందుకే పోకూడదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. నేర్చుకునే రోజుల్లో ఒంటరిగా ఎగురుతున్నాను. తెర మీది పటం ఉత్తరం పైకి ఉంది. మనం పోయే దిక్కు పైకి ఉంటే బాగుంటుందని అనిపించింది. చిన్న పనే కదా అని తల దించి మెనూలోకి దిగాను. ఒక పేజీ, ఇంకో పేజీ. దొరకలేదు. దొరకలేదన్న పంతంతో ఇంకో పేజీ. తల ఎత్తేసరికి ఎడమ రెక్క కిందికి వాలి ఉంది, నాలుగు వందల అడుగులు దిగిపోయాను. ఆకాశం ఖాళీగా ఉంది గనక ఈ మాట రాస్తున్నాను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గాల్లో మూడు నొక్కుల్లో అయ్యే పనే చేస్తాను. నాలుగోది అవసరమైతే తల ఎత్తి, విమానాన్ని చూసి, కిటికీలోంచి చూసి, అప్పుడు మళ్ళీ మొదలుపెడతాను. ఆ పటం ఉత్తరం పైకే ఉంటే ప్రాణం పోదు.

ఇక్కడ 2009 సెప్టెంబరు 2 గురించి రాయకుండా ఉండలేను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలో ఆ రోజు తాము ఎక్కడున్నారో గుర్తులేని పెద్దవాళ్ళు ఉండరు. ఉదయం 8:38కి బేగంపేట నుంచి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలింది. అందులో ఉన్న అయిదుగురూ పోయారు. మరుసటి రోజు ఉదయానికి గానీ జాడ తెలియలేదు. పులివెందులలో తండ్రి పేరిట ఆస్పత్రి పెట్టి వైద్యం చేసిన డాక్టరు ఆయన. ఆ వీధుల్లో ఆ రోజు పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో.

విచారణ సంఘం నివేదికలో చివరి కారణంగా చెప్పింది వాతావరణం. బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పింది. కానీ అంతకు ముందు నిమిషాల గురించి అదే నివేదికలో ఉన్నది ప్రతి విద్యార్థికీ చెబుతాను. నూనె ఒత్తిడికి సంబంధించిన ఒక హెచ్చరిక వచ్చింది. దానికి ఏం చేయాలో చెప్పే పేజీ కోసం సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా ఎమర్జెన్సీ చెక్‌లిస్టులో వెతికారు. బయట మబ్బు, కింద కొండలు, లోపల దొరకని పేజీ. వాళ్ళ నైపుణ్యాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. అది జీపీఎస్ సెట్టింగు కూడా కాదు. అయినా నేను పటం పేజీ కోసం తల దించిన ఆ క్షణానికీ, దానికీ చుట్టరికం ఉంది. అప్పటి నుంచి నా విద్యార్థుల చెక్‌లిస్టులకు పక్కన రంగు కాగితాలు అంటించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఏ పేజీ అడిగినా పది సెకన్లలో తెరవాలి. తెరవలేనివాణ్ణి ఆ రోజు ఎగరనివ్వను.

ఇక మీ పని. ఇంట్లో కంప్యూటరు ఉంటే చాలు. ఎక్స్‌ప్లేన్‌లోనూ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనూ జీఎన్ఎస్ 430 ఉంది. కడప విమానాశ్రయం కోడు వీఓసీపీ. 2015 జూన్ 7న ప్రయాణికుల విమానాలు మొదలైన ఆ రన్‌వే మీద విమానాన్ని నిలిపి, ఇంజిను ఆపి ఉంచండి. ఇప్పుడు మూడు సొంత వేపాయింట్లు తయారు చేయండి. ప్రొద్దుటూరు: 14 డిగ్రీల 45 నిమిషాలు, 78 డిగ్రీల 33 నిమిషాలు. జమ్మలమడుగు: 14 డిగ్రీల 51, 78 డిగ్రీల 23. పులివెందుల: 14 డిగ్రీల 25, 78 డిగ్రీల 14. ఎక్కించే ముందు గడి ఏ పద్ధతిలో ఉందో పైకి చదవండి.

తర్వాత ఒక్కొక్క ఊరికి దూరం, దిక్కు అడగండి. ప్రొద్దుటూరు వాయవ్యంగా 19 మైళ్ళు రావాలి. జమ్మలమడుగు కూడా దాదాపు అదే దిక్కున 30. పులివెందుల పడమరకు కొంచెం దక్షిణంగా, 260 డిగ్రీల దగ్గర, 32. ఈ అంకెలు ముందే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, తెర చూశాక రాయడం కాదు. పులివెందులకు 80 డిగ్రీలు చూపిస్తే మీరు అక్కడి నుంచి ఇక్కడికి అడిగారని అర్థం. ప్రొద్దుటూరు 41 డిగ్రీల్లో కనబడితే రేఖాంశంలో పొరపాటు. దాని దూరం 22 వస్తే పెట్టె రోడ్డు మైళ్ళలో ఉంది. 36 వస్తే కిలోమీటర్లలో ఉంది, మీ ముందువాడు మార్చి పోయాడు. నాబ్ తిప్పి యూనిట్ల పేజీకి వెళ్ళండి, మార్చండి, మూడు ఊళ్ళనూ మళ్ళీ మొదటి నుంచి అడగండి. మూడూ కాగితంతో కలిశాక ఇంజిను ఆన్ చేయండి.